కింది సగం

ఉదయం ఏడున్నరకి గేటు దగ్గర సంతకం పెట్టి, ఎనిమిది కొట్టేసరికి పైపు కింద వెల్లకిలా పడుకోవడం కిందాయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే ఉద్యోగం. "అందరూ నిద్ర లేచి పనికి వెళ్తారు, మావాడు పనికి వెళ్లి పడుకుంటాడు" అని వాళ్లక్క కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది. ఆ పడకలో సుఖమెంతో ఆవిడకి తెలియదు. మొహానికి అద్దం ఉన్నా, మెడ దగ్గర సందు చూసుకుని నిప్పురవ్వలు దూరతాయి, చొక్కా లోపలినుంచి నడుం దాకా ప్రయాణం చేస్తాయి, అయినా వెల్డింగ్ రాడ్డు పట్టుకున్న చెయ్యి కదలకూడదు.

తిప్పుకుంటూ వెల్డింగ్ చేసే పైపులు వేరే ఉన్నాయి. వాటిని రోలర్ల మీద పడేసి, స్టూలు మీద కూర్చుని, ఎప్పుడూ పైభాగమే మన ముందుకొచ్చేలా దొర్లించుకోవచ్చు. బిగించేసిన పైపు అలా కాదు. అది అడ్డంగా, రెండు గోడల మధ్య, కదలకుండా ఉంటుంది. మనమే దాని చుట్టూ తిరగాలి. వెల్డర్లు దాన్ని గడియారంలా లెక్కపెడతారు. అడుగు ఆరు, పక్కలు మూడు, తొమ్మిది, నెత్తి పన్నెండు. ఆరు దగ్గర కరిగిన లోహం మన మొహం మీదికే కారాలని చూస్తుంది, దాన్ని పైకి నెట్టి నిలబెట్టాలి. ఆ విద్య ఆ ఫ్యాక్టరీలో ఈయనకి వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. అందుకని ఆరు నుంచి మూడు దాకా, మళ్లీ ఆరు నుంచి తొమ్మిది దాకా ఈయన వంతు. అక్కణ్ణుంచి నెత్తి దాకా ఇంకొకడి వంతు. ఈయన అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది కానీ ఎవరి నోటా లేదు, అందరికీ కిందాయనే.

ఆ ఇంకొకణ్ణి పైవాడు అంటారు. పదిహేనేళ్లు చిన్న, మాటల పుట్ట. ఎవరైనా విసుగొచ్చి "అంతా పైవాడి దయ" అంటే, పైపు మీంచి తల వంచి "నేనేం చేశాన్రా?" అని అడుగుతాడు. రోజుకొకసారైనా ఈ జోకు పడకపోతే వాడికి తోచదు. కిందాయన ఇరవై రోజులకోసారి నవ్వుతాడు. పైన వెల్డింగ్ చేయడం ఆయన దృష్టిలో ఒక పనే కాదు. లోహం దానంతటదే కూర్చుంటుంది, మనిషి కూడా కూర్చునే ఉంటాడు, ఇందులో గొప్పేముంది అని ఆయన అభిప్రాయం. పైకి అనలేదు, అంతే.

అతకాల్సిన రెండు పైపుల మధ్య రాడ్డు మందం సందు వదులుతారు. మొదటి వరసతో ఆ సందుని మూసుకుంటూ వెళ్లేటప్పుడు, కరుగుతున్న లోహానికి కాస్త ముందు చిన్న కన్నం ఒకటి తెరుచుకుంటుంది. అది తెరుచుకుంటేనే లోహం లోపలిదాకా పట్టినట్టు. వెల్డరు జరిగేకొద్దీ వెనక మూసుకుంటూ, ముందు తెరుచుకుంటూ కన్నం కూడా జరుగుతుంది. దొర్లే పైపులో ఆ కన్నంలోంచి చూస్తే చీకటి తప్ప ఏమీ ఉండదు. బిగించిన పైపులో మాత్రం ఎవరికి కనిపించేది వాళ్లకి కనిపిస్తుంది. క్రేను పక్క పనిచేసే బట్టతలాయనకి ఎవరివో గొర్రెలు. రిటైరైపోయిన ఒకాయనకి రేవులో పడవలు. కొత్తగా చేరినవాళ్లకి తోలు చేతొడుగులు ఇచ్చేటప్పుడే మేస్త్రి ఒక మాట చెప్పేస్తాడు. "చూడొచ్చు, ఆగకూడదు." ఆగితే కన్నం పెద్దదవుతుంది, లోహం జారిపోతుంది. ఆ కన్నంలోంచి అవతలికి వెలుతురు వెళ్తుంది, వేడి వెళ్లదు. కానీ పై సగంలో లోహం చుక్క జారిందంటే అది నిప్పులాగే వెళ్లి పడుతుంది. ఇవన్నీ పనిలో భాగం. నీకేం కనిపిస్తుంది అని మాత్రం ఒకరినొకరు అడగరు. అలా అడగడం అక్కడ మర్యాద కాదు.

కిందాయనకి ఒక గది కనిపిస్తుంది.

మొదటి పద్దెనిమిదేళ్లూ అది ఖాళీ గది. పైగా ఆయన అడుగు నుంచి చూస్తాడు కాబట్టి గది కూడా అడుగు నుంచే కనిపించేది. సున్నం పెచ్చులూడిన కప్పు, ఒక బల్ల అడుగు చెక్క, కుర్చీ అడుగు చెక్క, కిటికీ గట్టు కింది భాగం, గోడ వెంట పొయ్యి ఉన్న వైపుకి పోయే గ్యాస్ గొట్టం. రాడ్డు మూడు దగ్గరికో తొమ్మిది దగ్గరికో చేరేసరికి బల్ల ఎత్తు వచ్చేది. అక్కడితో ఆయన సగం అయిపోయేది. ఆయన లేచి గ్లవ్స్ దులుపుకుని టీకి వెళ్లేవాడు. ఖాళీ గదిని అన్నేళ్లు చూసినవాడికి ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నాలుగేళ్ల కింద ఒక సోమవారం ఆ గదిలోకి పాదాలు వచ్చాయి.

ఆడమనిషి పాదాలు. యాభై దాటి ఉంటుంది. ఎడమ మడమ పగిలి ఉంది, కుడి చెప్పు పట్టీని దారంతో కుట్టుకుంది. చొక్కాల అంచులు బల్ల మీంచి వేలాడేవి, తెల్లదారం ముక్కలు నేల మీద రాలేవి. రెండో వారానికల్లా ఈయనకి అర్థమైంది, ఆమె ఏదో బట్టల కంపెనీకి ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టే మనిషి. ఒకసారి బొత్తాం జారి పడితే వెతకడానికి వంగింది. ముంజేయి వరకూ కనిపించింది, మొహం బల్ల వెనకే ఉండిపోయింది. పైపు అంచులు రుద్ది, సందు సరిచూసుకుని ఈయన మొదటి రాడ్డు అంటించేసరికి రోజూ పది అవుతుంది. రోజూ పదింటికి ఆమె ఆ కుర్చీలో ఉంటుంది. వేరే ఎవరి పాదాలూ ఆ గదిలోకి ఎన్నడూ రాలేదు.

మొహం చూడాలని ఆయనకి లేదా అంటే, ఉంది. పై సగం నేనే చేస్తానని ఒక్క మాటంటే చాలు. అనలేదు. పై సగం చేతకానివాళ్ల పనన్న పొగరు కొంత. అసలు కారణం భయం. పాదాలు చూస్తే పాదాలు చూసినంతే. మొహం చూస్తే ఇంకేదో కావాలనిపిస్తుంది, యాభయ్యారేళ్లొచ్చాక కావాలనిపించి ఏం చేసుకోవాలి?

ఆయన ఉండేది సైకిళ్ల షాపు మీద ఒక గది. పళ్లేలు రెండున్నాయి. ఒకదానికి కొన్నప్పుడు అంటించిన చీటీ ఇంకా అలాగే ఉంది. పెళ్లి ఈ ప్రాజెక్టు అయ్యాక, ఆ ప్రాజెక్టు అయ్యాక అని వాయిదా వేస్తూ పోయాడు. కొన్నాళ్లకి అడిగేవాళ్లే అడగడం మానేశారు. సాయంత్రం వంట చేసుకుంటాడు, తింటాడు, పళ్లెం కడిగి బోర్లిస్తాడు. శుక్రవారం సాయంత్రం గేటు దాటి బయటికొచ్చినవాడు సోమవారం పొద్దున మళ్లీ గేటు దగ్గర "నమస్తే" అనేదాకా, మధ్యలో మాట్లాడేది ఒక్క అక్కతోనే. ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చేస్తుంది.

"ఏరా తమ్ముడూ, తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావని అడిగితే అబద్ధం దొరికిపోతుందిలే, అడగను. ఒరేయ్, ఎన్నాళ్లిలా?"

ఎప్పుడూ ఈ ప్రశ్నకి ఫోన్ ఇటు చెవి నుంచి అటు చెవికి మార్చుకుంటాడు. ఈ చలికాలం మొదట్లో ఒక ఆదివారం మార్చుకోలేదు.

"ఒకావిడ ఉందక్కా."

అవతల గిన్నె ఏదో కింద పడ్డ చప్పుడు. "ఎవర్రా? ఎలా ఉంటుంది?"

"పాదాలు చూశాను."

"పాదాలా? మొహం?"

"మొహం పై సగంలో ఉంటుందక్కా. అది నా వంతు కాదు."

అక్క పడ్డ గిన్నె తీసి పక్కన పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత "నిన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది నేనే కదరా, ఎక్కడ పడేశానో గుర్తు రావట్లేదు" అంది. నవ్వుతూనే అంది కానీ ఫోన్ పెట్టేటప్పుడు ముక్కు చీదింది.

ఆ తర్వాతి వారమే గొట్టం సంగతి ఆయన కంట్లో పడింది.

గోడ వెంట పోయే ఆ గ్యాస్ గొట్టం బల్ల వెనక ఒకచోట వంపు తిరుగుతుంది. ఆ వంపు అడుగున రంగు పొక్కింది. అడుగున కాబట్టి గదిలో మనిషికి కనిపించదు, నేల మీద పడుకున్నవాడికే కనిపిస్తుంది. పొక్కు రాలి తుప్పు బయటపడింది. తుప్పు రాలి సన్నటి గీత బయటపడింది. ఆ గీత కింద మూలన సాలెగూడు ఒకటుంది, అది వణుకుతోంది. చలికని కిటికీ మూసే ఉంది, గదిలో ఫ్యాను తిరగడం లేదు, గూడు మాత్రం ఆగకుండా వణుకుతోంది. ఇరవై రెండేళ్లు పైపుల అడుగులు చూసినవాడికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. గ్యాస్ కారుతోంది.

ఆ రోజు ఆయన ఆగాడు. గీత ఎంత పొడవుందో చూడాలని రెండు క్షణాలు ఎక్కువ ఆగాడు. మర్నాడు ఎక్స్‌రే గదిలోంచి ఫిల్మ్ మేడమ్ బయటికొచ్చింది. ఆవిడ వెల్డర్ల పని లోపలి బొమ్మలు చూసి పాసో ఫెయిలో రాసే మనిషి. ఫిల్ముని కిటికీకి పట్టి చూపించింది.

"ఇది మీ సగమేనండీ? ఆరు దగ్గర కన్నం పెద్దదైంది. మీ పేరు మీద నేను ఫెయిల్ రాయడం ఇదే మొదటిసారి. చేతులు రాలేదు తెలుసా?"

"రాయండి మేడమ్. నాదే తప్పు."

మేస్త్రి పక్కకి పిలిచాడు. "వయసైతే చెప్పు, స్టోర్ రూములో వేయిస్తాను. ఇంకొక్క జాయింటు పోయిందంటే మాత్రం కార్డు నా చేతిలో పెట్టాల్సిందే. రూలు నేను పెట్టింది కాదు." కార్డు అంటే బిగించిన పైపు మీద చెయ్యి వెయ్యనిచ్చే కార్డు. అది లేకపోతే ఇనుప గేట్లూ బల్లలూ అతుక్కోవచ్చు. వాటిలో కన్నం ఉండదు.

ఆ పై వారమంతా ఆయన పదింటి కోసం భయం భయంగా ఎదురుచూశాడు. సోమవారం పాదాలు మామూలుగానే ఉన్నాయి. బుధవారం ఒక చెప్పు జారిపోయి ఉంది, ఆమె తొడుక్కోలేదు. గురువారం పాదాలు రెండూ పక్కకి వాలి ఉన్నాయి, ఈయన ఆరు నుంచి తొమ్మిది దాకా వెళ్లేంతసేపూ కదల్లేదు. పొద్దున పదింటికి ఎవరైనా అలా నిద్రపోతారా? గ్యాస్ పీల్చినవాళ్లు పోతారు. ఆ గది ఏ ఊళ్లో ఉందో, ఏ వీధిలో ఉందో తెలియదు. అరిచినా వినిపించదు. బల్ల మీద ఏదైనా కాగితం, ఏదైనా చిరునామా ఉండొచ్చు. బల్ల పైభాగం కనిపించేది పన్నెండు దగ్గరే.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతున్న పైవాడి పక్కన వెళ్లి కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఎదురుగానే కూర్చునేవాడు, ఇలా పక్కకి రావడం ఇదే మొదలు.

"రేపు పై సగం నాకివ్వు."

పైవాడి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అన్నా, నా కడుపు మీద కొడతావా? నీకు కింద తక్కువైందా?"

కిందాయన అక్కడి మర్యాదని పక్కన పెట్టేశాడు. గది సంగతి, పాదాల సంగతి, గొట్టం సంగతి చెప్పాడు. పైవాడు జోకెయ్యలేదు. డబ్బా మూత పెట్టేశాడు.

"నాకు ఒక బళ్లో మూడో తరగతి కనిపిస్తుందన్నా. పైనుంచి. నలభై తలకాయలు, సగానికి పేలున్నాయి. చేరిన కొత్తలో ఒక చుక్క జార్చాను. మాస్టారి బల్ల మీద పడి చెక్క కాల్చింది. ఇప్పటికీ ఆ మచ్చ కనబడకుండా సుద్దముక్కల డబ్బా పెట్టుకుంటాడాయన." డబ్బా పక్కకి జరిపాడు. "నువ్వు చుక్క జార్చావనుకో..."

"గ్యాస్ నిండిన గది."

"అదే. అసలే నీది నెట్టే చెయ్యి. కింద నెడితేనే లోహం నిలబడుతుంది. పైన నెట్టావంటే సరాసరి లోపలికి పోతుంది. రాడ్డు అలా ఊరికే పట్టుకుని వెంట నడవాలన్నా. ఇరవై రెండేళ్ల అలవాటు ఒక్క పూటలో పోతుందా?"

"పోవాలి కదా."

ఆ మధ్యాహ్నం షెడ్డు వెనక ఒక తుక్కు పైపుని రాళ్ల మధ్య ఇరికించి పైవాడు ఆయనకి పై సగం నేర్పాడు. మొదటి మూడు ముక్కల్లోనూ చుక్కలు జారాయి. లోపలికి చెయ్యి పెట్టి తడిమి, పైవాడు ఒక్కో చుక్కనీ లెక్కపెట్టి చెప్పాడు. నాలుగో ముక్కలో ఒక్కటే జారింది. ఐదో ముక్కలో జారలేదు, ఆరో దాంట్లో మళ్లీ జారింది. రాడ్లు అయిపోయాయి. పైవాడి పనికి ఆయన మనసులో ఇన్నేళ్లుగా వేసిన తక్కువ మార్కులు ఆ పూట దిద్దుకున్నాడు.

"బాగా చేస్తావు నువ్వు" అన్నాడు.

"ఇప్పుడా చెప్పడం?" అన్నాడు పైవాడు.

శుక్రవారం పొద్దున పైవాడు నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చాడు. మేస్త్రి నమ్మలేదు. అయినా పైపు బిగించి ఉంది, పని ఆగకూడదు, కిందాయన కార్డులో గడియారం మొత్తానికీ అనుమతి ఉంది. "ఇన్నేళ్లు లేని సరదా ఇప్పుడేంటో" అని గొణుక్కుంటూ ఊఁ అన్నాడు.

పదింటికి రాడ్డు అంటించాడు. ఆరు దాటి వేలెడంత అవతల మొదలుపెట్టాడు, రెండో వైపు వచ్చి కలిసినప్పుడు అతుకు ఒకదాని మీదొకటి ఎక్కేలాగ. కన్నం తెరుచుకుంది. పాదాలున్నాయి. రెండు చెప్పులూ జారిపోయి ఉన్నాయి. సాలెగూడు మునుపటికన్నా గట్టిగా ఊగుతోంది. నెట్టాడు, నిలబెట్టాడు, జరిగాడు. నాలుగు దాటింది. కొత్త రాడ్డు. మూడు దగ్గర బల్ల అంచు వచ్చింది. ఎప్పుడూ రాడ్డు తీసేసే చోటు అది. ఒంట్లో ఎముకలన్నీ అక్కడ ఆగమన్నాయి. లేచి మోకాళ్ల మీద నిలబడి, ఊపిరి బిగబట్టి, మూడు దాటాడు.

మొదట ఒక మోచెయ్యి కనిపించింది. తర్వాత బల్ల మీద చొక్కాల గుట్ట. ఆ గుట్ట మీద తల. చెంప ఆనించి నిద్రపోతోంది, జుట్టు సగం నెరిసింది, ముడి ఊడి మెడ మీద పడింది. మొహం అటువైపు తిరిగి ఉంది. ఆ వీపు కదులుతోందా లేదా? ఒకటి లెక్కపెట్టాడు, రెండు లెక్కపెట్టాడు. కదిలింది. కిందాయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అద్దం లోపల తుడుచుకునే వీల్లేదు.

రెండు. ఒకటి. "నెట్టకు" అని తనకి తనే పైకి చెప్పుకుంటున్నాడు. పక్కన నిలబడ్డ పైవాడు "నెట్టకన్నా" అని వంత పాడుతున్నాడు. పన్నెండు వచ్చింది. గది కప్పు నుంచి చూస్తున్నట్టుంది. చొక్కాల మూట మీద కంపెనీవాళ్లు అంటించిన చీటీ ఉంది. చేతిరాత పెద్దది, చదవొచ్చు. గాజు కార్ఖానా వెనక వీధి. మూడో అంతస్తు. పేరు మీద ఆమె అరచెయ్యి ఉంది. ఇంటి నంబరు నూట పద... ఆ పక్కన అంకె మీద ఆమె వేలుంది.

ఆ వీధి ఆయనకి తెలుసు. రెండు బస్సుల దూరం. ఇన్నేళ్లూ రెండు బస్సుల దూరంలో ఉన్న గది. ఆ వీధి పొడుగునా ఒకేలాంటి ఇళ్లు, ఒకేలాంటి మూడో అంతస్తులు. ఒక్కో తలుపూ కొట్టుకుంటూ పోతే ఎంత పొద్దు పోతుంది?

ఇప్పుడు జరిగిపోతే కన్నం మూసుకుంటుంది. జాయింటు పాసవుతుంది, కార్డు ఉంటుంది, వచ్చే సోమవారం పదింటికి మళ్లీ చూడొచ్చు. చూడటానికి ఆమె ఉంటే.

కిందాయన ఆగాడు.

ఆగడమే కాదు, కావాలనే కన్నాన్ని పెద్దది కానిచ్చాడు. వేడి వెళ్లదు, వెలుతురు వెళ్తుంది. ఎంత పెద్ద కన్నమైతే అంత వెలుతురు. బఠాణీ గింజంత అయింది. ఆమె మెడ మీద, చొక్కాల మీద తెల్లటి వెలుగు పరుచుకుంది. కన్నం అంచున లోహం చుక్క ఊరింది, బరువెక్కింది, కిందికి సాగింది. ఆమె నిద్రలోనే చిరాగ్గా కదిలి, వెలుగు పడకుండా చెయ్యెత్తి కళ్లకి అడ్డం పెట్టుకుంది. వేలు తొలిగింది.

నూట పదిహేడు.

ఆయన రాడ్డు లాగేశాడు. సన్నగా సాగిన లోహం చుక్క అలాగే, గది మీద వేలాడుతూ, ఎర్రగా ఉండి, నల్లబడి, గట్టిపడిపోయింది. పడలేదు. కన్నం మాత్రం తెరుచుకునే ఉండిపోయింది. వెలుగు లేక అందులో ఇక చీకటి తప్ప ఏమీ లేదు.

హెల్మెట్టు తీసి, చొక్కా జేబులోంచి కార్డు తీసి, మేస్త్రి చేతిలో పెట్టాడు.

"ఈ జాయింటు కోయించెయ్యి మేస్త్రీ. ఫిల్ము కూడా అక్కర్లేదు."

"ఏమయ్యా, ఇదేంటి? ఎక్కడికి?"

"గ్యాస్ లీకు. గాజు కార్ఖానా వెనక వీధి, నూట పదిహేడు."

మేస్త్రి ఎగాదిగా చూసి, పక్కకి తప్పుకున్నాడు. పైవాడు అప్పటికే గ్యాస్ ఆఫీసుకి ఫోన్ కలిపేశాడు. ఎవరు చూశారని అడిగారు. పైపు కన్నంలోంచి మా అన్న చూశాడని చెప్పాడు. సరే రాసుకున్నాం, సాయంత్రానికి మనిషిని పంపిస్తాం అన్నారు.

రెండు బస్సులు మారేదాకా ఎవరు ఆగుతారు? ఆటోవాణ్ణి పట్టుకుని, తోలు ఏప్రాను కూడా విప్పకుండా ఎక్కి కూర్చున్నాడు. నూట పదిహేడో నంబరు ఇంట్లో మూడో అంతస్తుకి మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్లు మొరాయించాయి, వాటిని తిట్టుకుంటూ ఎక్కాడు. తలుపు పక్కన కరెంటు బెల్లు ఉంది. దాని మీద వేలు పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. స్విచ్చు నొక్కితే లోపల చిన్న నిప్పు పుట్టినా చాలు. పిడికిలితో కొట్టాడు. అరిచి పిలుద్దామంటే పేరు తెలియదు.

"ఏమండీ! లోపలున్నావిడా! లేవండి! లైటు వెయ్యకండి!"

చాలాసేపటికి గొళ్లెం తీసిన చప్పుడైంది.

మొహం చూశాడు. చెంప మీద బొత్తాం అచ్చు గుండ్రంగా పడి ఉంది. కళ్లు నిద్రతో, గ్యాస్‌తో మూసుకుపోతున్నాయి. ఆయన ఎన్నో అనుకున్నాడు ఈ మొహం గురించి, అవేవీ గుర్తుకి రాలేదు. ఆమెని చెయ్యి పట్టుకుని బయటికి, మెట్ల మీదికి తెచ్చి కూర్చోబెట్టాడు. తువాలు ముక్కుకి చుట్టుకుని లోపలికెళ్లి కిటికీ తోసేశాడు.

అప్పుడొచ్చింది చిక్కు. నిలబడి చూస్తే ఆ గదిని ఆయన గుర్తుపట్టలేకపోయాడు. బల్లకి పైభాగం ఉంది, కుర్చీకి వీపు ఉంది, గోడకి క్యాలెండరు ఉంది. అంతా ఎవరిదో పరాయి ఇల్లు. గొట్టానికి వాల్వు ఏ మూలనుందో తోచలేదు. చప్పున నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. పడుకోగానే అది ఆయన గది అయిపోయింది. బల్ల వెనక వంపు, అక్కణ్ణుంచి ఎడమకి రెండు బారలు, కిటికీ గట్టు కింద, గోడలో దూరేచోట ఎర్ర పిడి. పాకుతూ వెళ్లి బిగించేశాడు. సాలెగూడు ఇంకో రెండు మూడు సార్లు ఊగి నిలిచిపోయింది.

అరగంట తర్వాత ఆమె గడప దగ్గర నిలబడి గదిలోకి చూసింది. ఇంకా కాస్త తూలుతోంది.

"నాకు వాసనలు తెలియవండీ. పదేళ్లయింది, ఒక జ్వరమొచ్చి పోయింది ముక్కు" అంది. తర్వాత ఆయన ఏప్రాను మీది కాలిన మచ్చలు చూసింది. "ఆ వెలుతురు మీదేనా?"

"నాదేనండీ."

"రోజూ నేల దగ్గర మొదలై బల్ల దాకా వచ్చి ఆరిపోయేది. ఇంకాస్త పైకి రావడానికేం రోగమో అనుకునేదాన్ని." ఆ మాటకి తనే నవ్వింది. "ఎవరూ లేని ఇంట్లో అదొక్కటే వచ్చిపోయేదండీ. సోమవారం మళ్లీ వస్తుందా?"

కిందాయన చేతుల వంక చూసుకున్నాడు. "రాదండీ. ఆ పని చేసే కార్డు ఇచ్చేశాను."

ఆమె బల్ల మీది చీటీ వైపు చూసింది, కప్పు వైపు చూసింది. అర్థమైనట్టే ఉంది, ఎందుకంటే పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక ఆయన అక్కడ చేయాల్సిన పని లేదు. వాల్వు కట్టేశాడు, గాలి ఆడుతోంది, గొట్టం ముక్క మార్చేది గ్యాస్ ఆఫీసు మనిషి. వెళ్లొస్తానని చెప్పి మెట్లు దిగడమే మిగిలింది. సైకిళ్ల షాపు మీది గది గుర్తొచ్చి ఆయన దిగలేదు.

"గ్యాస్ ఆఫీసు మనిషి సాయంత్రం వస్తాడండీ. అప్పటిదాకా ఎవరో ఒకరు చూస్తుండాలి" అన్నాడు.

కట్టేసిన వాల్వుని చూస్తుండటానికి ఏముందో ఆయనకే తెలియాలి.

"వాళ్ల సాయంత్రం ఈ సాయంత్రం కాదండీ. ఎల్లుండికి వస్తే గొప్ప" అంది ఆమె.

"అయితే రేపు కూడా రావాలి నేను. ఎల్లుండీ."

ఆమె వంగి, నేల మీద చెల్లాచెదురుగా ఉన్న చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. కుట్టిన పట్టీ సర్దుకుంటూ, తలెత్తకుండానే అంది.

"గాలి ఆడాలన్నారుగా, తలుపు తీసే ఉంచుతాను. కొట్టకుండా వచ్చెయ్యండి."